గుంటలో మేత లెక్క

(తోటపల్లి గూడూరులో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సంవత్సరం ఇదే సమావేశానికి ఒక డాక్టరు గారు వచ్చి, ఈ వయసులో మనం ఏం తినాలో, ఎంత తినాలో చెప్పి వెళ్ళారు. విన్నాం, చప్పట్లు కొట్టాం, ఆ వెంటనే భోజనాల దగ్గర రెండోసారి పాయసం వేయించుకున్నాం. అందుచేత ఈసారి మనుషుల తిండి గురించి మాట్లాడే ధైర్యం నేను చేయను. చేపల తిండి, రొయ్యల తిండి గురించి మాట్లాడతానని కార్యదర్శి గారితో అన్నాను. "రెవెన్యూలో గుమాస్తాగా చేసిన వారు, మీకూ చేపలకూ ఏం సంబంధం?" అని ఆయన నవ్వారు. సంబంధం ఉంది. నా రిటైర్మెంటు డబ్బులో మూడు లక్షల రూపాయలు ఒక గుంటలో కలిశాయి. ఎట్లా కలిశాయో ఇవాళ దాచకుండా చెబుతాను. ఈ సభలో ఉన్న వారిలో చాలామంది కొడుకులో, అల్లుళ్ళో, మేనల్లుళ్ళో గుంటలు చేస్తున్నవారే. ఆ డబ్బులో మన గ్రాట్యుటీ ఎంతో కొంత ఉండనే ఉంటుంది.

ముందు చిన్న సంగతితో మొదలుపెడతాను. నెల్లూరులో మా అమ్మాయి ఇంట్లో మనవడికి ఒక గాజు తొట్టి కొనిపెట్టారు. అందులో నాలుగు బంగారు రంగు చేపలు. వాడు బడికి పోయే ముందు ఒక చిటికెడు మేత వేస్తాడు. వాడు పోయాక వాళ్ళ అమ్మ, పాపం ఆకలిగా ఉన్నాయేమోనని మరో చిటికెడు. మధ్యాహ్నం మా ఆవిడ వెళితే ఆవిడ చేతి చలవ ఇంకొంచెం. చేప అనేది మనిషి నీడ పడగానే పైకి వచ్చి నోరు తెరుస్తుంది, కడుపు నిండినా తెరుస్తుంది. అది ఆకలి కాదు, అలవాటు. పది రోజులు తిరగక ముందే నీళ్ళు తెల్లగా మసకబారాయి, రెండు చేపలు వెల్లకిలా తేలాయి. "తాతా, అన్నం పెట్టినా చచ్చిపోయాయి" అని వాడు ఏడ్చాడు. అన్నం పెట్టినందుకే చచ్చిపోయాయని ఆ పసివాడికి చెప్పడం ఎంత కష్టమో, గుంటల వాళ్ళకు చెప్పడమూ అంతే కష్టం. గుడి కోనేటిలో బొరుగులు చల్లి పుణ్యం వస్తుందనుకునే మనకు, మేత వల్ల ప్రాణం పోతుందంటే మనసు ఒప్పదు.

అయితే ఇందులో వింత ఏమీ లేదు. మనం తిని మిగిల్చింది ఇంటి బయట పడేస్తాం. చేప తిన్నదీ, తినక మిగిల్చిందీ, విసర్జించిందీ అన్నీ అది పీల్చే నీటిలోనే ఉంటాయి. మిగిలిన మేత కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాక్కుంటుంది. మేతలోని మాంసకృత్తుల నుంచి అమ్మోనియా పుడుతుంది. అడుగున నల్లటి బురద పేరుకుని, గాలి ఆడని చోట కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టే వాయువు పుడుతుంది. పైన ఈదే చేప కొంత తప్పించుకుంటుంది. రొయ్య బతికేది ఎక్కువగా అడుగునే కాబట్టి మొదటి దెబ్బ దానికే. రొయ్య చేప కాదని ఇక్కడున్న సైన్సు మాస్టార్లు అనవచ్చు, నిజమే. కానీ మేత విషయంలో రెండింటి కష్టం ఒకటే.

ఇక మన ప్రాంతం సంగతి. తోటపల్లి గూడూరు అంటే మా చిన్నప్పుడు మొలగొలుకులు, పెన్నా కాలువల కింది మాగాణి. తూర్పున బకింగ్‌హాం కాలువ, ఆ అవతల కోడూరు, సముద్రం. ఉప్పుటేరుల పక్కన చవుడు పట్టిన నేలలు ఎందుకూ కొరగావని వదిలేసేవారు. 1985లో మండలాలు వచ్చాక నేను మండల రెవెన్యూ కార్యాలయంలో పని చేశాను. 1990 దాటేసరికి ఆ ఎందుకూ కొరగాని నేలలకే జనం పరుగులు పెట్టారు. టైగరు రొయ్య. చవుడు నేల తరువాత మాగాణి కూడా గుంటలయింది. అడంగల్లో వరి అని రాసిన చోట రొయ్యల గుంట అని రాసింది ఈ చేతులే. బులెట్ మోటారు సైకిళ్ళ మీద ఆఫీసుకు వచ్చిన కుర్రకారును చూసి, మా సెక్షనులో ఒకాయన ఉద్యోగానికి సెలవు పెట్టి గుంట తవ్వించాడు కూడా.

1994–95లో తెల్లమచ్చ వైరసు వచ్చింది. ఈ తీరమంతా గుంటలు ఖాళీ అయ్యాయి. సెలవు పెట్టినాయన మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు, అప్పులతో. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీరానికి 500 మీటర్ల లోపు సంప్రదాయ పద్ధతి కాని రొయ్యల సాగు కూడదన్నది, మాగాణి భూములను గుంటలుగా మార్చకూడదన్నది. ఆ తరువాత నెలల తరబడి మాకు గుంటల జాబితాలు రాయడమే పని. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషను పద్ధతి పెట్టింది. 2009లో అమెరికా ఖండపు పసిఫిక్ తీరం నుంచి వచ్చిన వనామి రకానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. నేను రిటైరయిందీ ఆ సంవత్సరమే. వనామి వచ్చింది, నా గ్రాట్యుటీ వచ్చింది, మా మేనల్లుడు వచ్చాడు. మూడూ ఒకేసారి వచ్చాయి.

మేనల్లుడు చెడ్డవాడేమీ కాదు. కష్టజీవి. రాత్రింబగళ్ళు గట్టు మీదే పడుకునేవాడు. రెండెకరాల గుంట, మూడు లక్షల పిల్ల. 2012 మార్చిలో వదిలాం. నేను ఇంట్లో ఖాళీగా ఉన్నాను గనుక లెక్కలు రాసే పని నాకు అప్పజెప్పాడు. ఒక పొడుగాటి నోటుబుక్కు కొని, గళ్ళు గీసి, తేదీ, మేత, మందులు, డీజిలు, కూలీ అని రాసుకుంటూ వచ్చాను. ముప్పై అయిదేళ్ళు రిజిస్టర్లు రాసిన వాడిని, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఆ నోటుబుక్కులో అన్నీ ఉన్నాయి, ఉండవలసినది తప్ప.

మొదటి నెల మేత వేయడాన్ని గుంటల వాళ్ళు గుడ్డి మేత అంటారు. పిల్ల కంటికి ఆనదు, ట్రేలోకి రాదు. లక్ష పిల్లకు రోజుకు రెండు కిలోలతో మొదలుపెట్టి పట్టిక ప్రకారం కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. ఆ రోజుల్లో పిల్లకు అసలు తిండి నీటిలో పుట్టే సన్నటి జీవులే. నీటికి మంచి రంగు ఉంటే పిల్ల సగం తిండి అదే సంపాదించుకుంటుంది. నెల దాటాక చెక్ ట్రేలు పెడతారు. వల బిగించిన చదరపు చట్రాలు, గుంటకు నాలుగు మూలలా దించుతారు. వేసే ప్రతి కిలో మేతకూ కొద్ది గ్రాముల చొప్పున ట్రేలో వేసి, రెండు గంటలకు లేపి చూస్తారు. ట్రే ఖాళీ అయితే తరువాతి పూట కొంచెం పెంచడం, మిగిలితే తగ్గించడం. రోజుకు నాలుగు పూటలు. రొయ్య పేగు చిన్నది, సూటిగా ఉంటుంది. అది ఒక్కసారిగా మెక్కి దాచుకునే ప్రాణి కాదు, కొంచెం కొంచెంగా తింటుంది. నీటిలో పడ్డ గుళిక కూడా ఎంతోసేపు గట్టిగా ఉండదు, రెండు మూడు గంటల్లో నాని సారం కోల్పోతుంది. ఆ తరువాత అది మేత కాదు, ఎరువు.

పద్ధతి అంతా బాగానే ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో వినండి.

నేను సాయంత్రం పూట గుంట దగ్గరికి పోయేవాడిని. కాపలా మనిషి ట్రే లేపి చూపించేవాడు. ఖాళీగా ఉంటే "భేష్, పిల్ల బాగా తింటా ఉంది" అని వాడి భుజం తట్టేవాడిని. ఒకటి రెండుసార్లు ట్రేలో మేత మిగిలి ఉంటే, "ఏమయ్యా, వేళకు వేశావా లేదా, నీళ్ళు సరిగా చూస్తున్నావా?" అని నాలుగు మాటలు అన్నాను. ఆ తరువాత ఏ రోజూ ట్రేలో మేత మిగల్లేదు. నాకు సంతోషం. మేనల్లుడు, "ట్రే నాకేస్తా ఉండాయి మామా, ఇంకో పది కిలోలు పెంచుదాం" అన్నాడు. పెంచాం. నాలుగు రోజులకు మళ్ళీ పెంచాం.

ఆ కాపలా మనిషి నేను వచ్చే ముందు ట్రే లేపి, మిగిలింది నీళ్ళలో జాడించి, ఖాళీ ట్రే చూపిస్తున్నాడని నాకు అంతా అయిపోయాక తెలిసింది. మేనల్లుడికి కోపం వచ్చి వాడిని పనిలోంచి తీసేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. పై అధికారి మొహం ఏ లెక్కకు విప్పారుతుందో ఆ లెక్కే కింద నుంచి పైకి పోతుంది. ఏ ఆఫీసని చెప్పను గానీ, నేను కూడా నా సర్వీసులో అట్లాంటి లెక్కలు సర్ది పంపిన వాడినే. వాడికి చదువు లేదు, అంతే తేడా.

రెండో తప్పు నాదే, నోటుబుక్కుది. వారానికొకసారి విసురు వల వేసి, పట్టిన వాటిని తూచి, సగటు బరువు రాసేవాళ్ళం. డెబ్బయ్యో రోజుకు సగటు 12 గ్రాములు. ఎన్ని బతికి ఉన్నాయో? మూడు లక్షలు వదిలాం గనుక నూటికి తొంభై అయిదు ఉన్నాయనుకున్నాం. అనుకున్నాం, అంతే, లెక్క పెట్టలేదు. 2,85,000 రొయ్యలు, ఒక్కోటి 12 గ్రాములు, మొత్తం 3,420 కిలోలు. ఆ సైజుకు శరీర బరువులో నూటికి మూడున్నర చొప్పున వేసుకుంటే రోజుకు సుమారు 120 కిలోల మేత. వేశాం. తరువాత తేలిందేమిటంటే, గుంటలో ఉన్నవి రెండు లక్షలకు మించి లేవు. 2,400 కిలోల రొయ్యకు 84 కిలోలు చాలు. అంటే రోజుకు 36 కిలోలు తినేవాడు లేని మేత. నాలుగు రోజులకు దాదాపు ఆరు మూటలు గుంట అడుగుకు చేరుతున్నాయి.

ఆ 36 కిలోలు ఏం చేస్తాయో మాగాణి రైతు భాషలో చెబుతాను. మేతలో నూటికి 35 పాళ్ళు మాంసకృత్తులుంటే, అందులో నత్రజని నూటికి 16 పాళ్ళు. లెక్క కడితే రోజుకు రెండు కిలోల నత్రజని. యూరియాలో నత్రజని 46 పాళ్ళు. అంటే మేము రోజూ నాలుగు కిలోల పైన యూరియా గుంటలో కలిపినట్టు. ఇది మిగిలిన మేత సంగతే. తిన్న మేతలోని నత్రజనిలో కూడా రొయ్య ఒంటికి పట్టేది నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే, మిగతాది నీటిలోకే వస్తుంది. అంత ఎరువు పడ్డాక నీరు ఎట్లా ఉంటుంది? చిక్కటి పచ్చగా, పంటకాలువలో నాచు పట్టినట్టుగా ఉంది. ఆ రంగు చూసి మేము మురిసిపోయాం.

నీటిలోని ఆ పచ్చదనం పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదే తిరిగి పీల్చుకుంటుంది. అందుకే గుంటలో గాలి తక్కువయ్యేది తెల్లవారుజామున. చేపల చెరువుల్లో కూడా పొద్దు పొడవక ముందు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి, మీలో పల్లెటూళ్ళ వారు చూసే ఉంటారు. లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాముల ప్రాణవాయువుకు తగ్గకుండా చూసుకోవాలంటారు. మే నెలలో రెండు రోజులు మబ్బు పట్టింది. ఎండ లేదు, పగలు తయారు కావలసిన గాలి తయారు కాలేదు. అయినా రెండో రోజు రాత్రి ఎనిమిది గంటలకు పట్టిక ప్రకారం మేత మొత్తం వేశాం. తిన్న ప్రాణికి అరుగుదలకు గాలి ఇంకా ఎక్కువ కావాలి, అది చేపకైనా రొయ్యకైనా ఒకటే. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగాయి. డీజిలు ఇంజను వెంటనే అందుకోలేదు, ముప్పావు గంట పట్టింది.

తెల్లవారి అయిదింటికి ఫోను. నేను పోయేసరికి గట్టు మీద కొంగలు, కాకులు బారులు తీరి ఉన్నాయి. గుంటల్లో ఏ మీటరూ చెప్పని సంగతి అవి చెబుతాయి. గట్టు వారన రొయ్యలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నీటి అంచున ఊగుతున్నాయి. కొన్ని చేతికి దొరుకుతున్నాయి, ఎగరడం లేదు. ఎనిమిదింటికి ఎవరో కొలిచే పెట్టె తెచ్చి చూస్తే, ఇంజను నడుస్తూ ఉండగా కూడా రెండు మిల్లీగ్రాములు లేదు. మేనల్లుడు మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి నిలబడ్డాడు. కాలు ఎత్తినప్పుడల్లా నల్లటి బురద, ఆ కోడిగుడ్డు కంపు. "అడుగంతా మేతే మామా" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. చంకలో నోటుబుక్కు ఉంది, అందులో ప్రతి మూటా రాసి ఉంది.

ఆ రోజే పట్టుబడి పెట్టేశాం. దక్కింది 1,300 కిలోలు, 75 కౌంటు, అంటే కిలోకు డెబ్బయి అయిదు రొయ్యలు. అప్పటికి వేసిన మేత 3,600 కిలోలు. కిలో రొయ్యకు రెండుంబావు కిలోల కంటే ఎక్కువ, దాదాపు రెండు ముప్పావు. మంచి సాగులో కిలోన్నర దాటకూడదు. మేత కొట్టులో అరువు, దానికి వడ్డీ. మా ఆవిడ ఆ రాత్రి ఒక్క మాట అన్నది: "డబ్బు పోతే పోయిందండీ, అన్ని ప్రాణాలు అట్లా పోవడం చూసొచ్చి మీరెట్లా అన్నం తింటారో." ఆ పూట తినలేదు.

ఇంత చెప్పి, మేత తక్కువ వేస్తే సరిపోతుందని మీరు అనుకుంటే అదీ పొరపాటే. పస్తులున్న రొయ్య తోటి రొయ్యను తింటుంది. ముఖ్యంగా పెంకు విడిచి మెత్తగా ఉన్నప్పుడు బలహీనమైన దాన్ని వదలదు. తెల్లమచ్చ వైరసు ఒకదాని నుంచి ఒకదానికి పాకే దారుల్లో ఇదొకటి, చచ్చిన దాన్ని బతికింది తినడం. వనామి ఒళ్ళు పారదర్శకం గనుక పేగు పైకి కనిపిస్తుంది. మేత రంగులో నిండుగా గీతలా ఉంటే క్షేమం. నల్లగా ఉంటే మేత అందక బురద తింటోందని, ఎర్రగా ఉంటే చచ్చిన రొయ్యను తిన్నదని, తెల్లగా ఉంటే జబ్బు అని పెద్ద రైతులు చెబుతారు. ట్రే అబద్ధం చెప్పినా పేగు అబద్ధం చెప్పదు. ఈ మాట నాకు ఆ ఏడాదే, కాస్త ఆలస్యంగా తెలిసింది.

మేత ఎంత అనేదే కాదు, ఎట్లాంటిది అనేదీ చూడాలి. కొల్లేరు వైపు బొచ్చె, శీలావతి చేపలకు తవుడు, వేరుశనగ చెక్క వాడతారు. తవుడు చల్లరు. బస్తాలకు సన్నటి రంధ్రాలు పొడిచి, నీళ్ళలో పాతిన గుంజలకు కట్టి వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ రంధ్రాల దగ్గర పీక్కుని తింటాయి. కావలసినంతే బయటికి వస్తుంది, మిగిలింది బస్తాలోనే ఉంటుంది, సాయంత్రం బస్తా ముట్టుకుంటే ఎంత తిన్నాయో తెలుస్తుంది. మన రాష్ట్రపు రైతు చేసుకున్న ఈ ఏర్పాటు నాకు చెక్ ట్రే కంటే నిజాయితీగా కనిపిస్తుంది. అయితే చెక్కకు బూజు పట్టిందా, ఆ బూజు విషం చేప కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. మన నెల్లూరు వానల్లో, తుపాను గాలిలో, రేకుల షెడ్డులో నేల మీద వేసిన మేత మూట ఎన్నాళ్ళు బాగుంటుంది? అందులోని నూనె మక్కిపోతుంది, సి విటమిను తగ్గిపోతుంది. సి విటమిను చాలని చేప పిల్లకు వెన్ను వంకర పోతుంది. పూర్వం ఓడల మీద నెలల తరబడి పండూ కాయగూరా లేకుండా తిరిగిన నావికులకు చిగుళ్ళ నుంచి రక్తం కారేదని చదువుకున్నాం, ఆ లోపమే ఇది. పాత మేత తక్కువ ధరకు ఇస్తామంటే, దాన్ని కొనకపోవడమే లాభం.

మందుల మాట కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. రొయ్య మేత తినడం తగ్గించగానే దుకాణానికి పరుగెత్తి ఏదో పొడి తెచ్చి మేతకు పట్టించడం మన వాళ్ళకు అలవాటు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి మందుల అవశేషాలు దొరికి, ఐరోపా దేశాలు మన రొయ్యల సరుకును తిప్పి పంపిన సందర్భాలున్నాయి. తినడం తగ్గినప్పుడు మొదట చూడవలసినది నీరు. బాగా వేడెక్కినా, చల్లబడినా, పెంకు విడిచే రోజుల్లోనూ, అమావాస్య పౌర్ణముల దగ్గరా తిండి తగ్గుతుంది. అప్పుడు ఆ పూట మేత కోసేయడం కంటే మందు లేదు. ఒక పూట పస్తుతో రొయ్య చావదు, చేప అసలే చావదు. కానీ గట్టు మీద నిలబడి మేత ఆపమని చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. ఎదిగే బిడ్డ నోటి ముందు కంచం తీసినట్టుంటుంది.

మరుసటి సంవత్సరం మళ్ళీ వేశాం. ఎందుకు వేశారని మీరు అడగవచ్చు, అప్పు తీరాలి గనుక. ముత్తుకూరులో 1991 నుంచి మత్స్య కళాశాల ఉంది. ఎనిమిది మైళ్ళు కూడా లేని చోటికి నేను ముందే పోయి అడగలేదంటే గుమాస్తా అహంకారం, అంతే. ఈసారి పోయాను. నీళ్ళు, అడుగు మట్టి ఎట్లా చూసుకోవాలో చెప్పారు. గుంట పూర్తిగా ఎండబెట్టి, నల్ల మట్టి ఎత్తిపోయించి, రెండు లక్షల పిల్లే వదిలాం. నోటుబుక్కులో రెండు గళ్ళు కొత్తగా చేర్చాను. ఒకటి, ట్రేలో మిగిలింది ఎంత. రెండు, ఈ వారం ఎన్ని బతికి ఉన్నాయని ఏ ఆధారంతో అనుకుంటున్నాం. ఆ కాపలా మనిషితోనే, "మేత మిగిలి ఉంటే చూపించు, మిగిలిన రోజు నీకు టీ ఖర్చు నాది" అని చెప్పాను. మొదటి వారం నమ్మలేదు. రెండో వారం నుంచి ట్రేలో మిగిలిన గుళికలు ఆకులో పెట్టి దాచి చూపించడం మొదలుపెట్టాడు.

మేనల్లుడితో మాత్రం రోజూ గొడవే. పక్క గుంటల్లో రెట్టింపు మేత వేస్తుంటే వాడికి నిద్ర పట్టేది కాదు. "నువ్వు రొయ్యకు గూడా పెన్షను కోసినట్టు కోస్తా ఉండావు మామా" అనేవాడు. ఒక మబ్బు రోజున రెండు పూటలు మేత ఆపించాను, ఆ రోజు నాతో మాట్లాడలేదు. చివరికి 45 కౌంటులో 3,500 కిలోలు వచ్చింది, మేత 4,900 కిలోలు. కిలోకు కిలోన్నర లోపు. పెద్ద లాభమేమీ కాదు, అరువు తీరింది. నా మూడు లక్షలు తిరిగి చేతికి రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది, వడ్డీ లేదు. ఇప్పుడు వాడు నా కంటే బాగా చేస్తాడు. 2025లో అమెరికా సుంకాలు పెంచి ధరలు తలకిందులైనప్పుడు కూడా, మేత ఖర్చు అదుపులో ఉండబట్టి నిలబడ్డాడు. సాగు ఖర్చులో సగం పైన మేతే గదా.

ఇక్కడున్న పెద్దలకు నా మనవి ఒక్కటే. మీ పిల్లలు జామీను సంతకానికో, డబ్బుకో వచ్చినప్పుడు లాభం ఎంత వస్తుందని అడక్కండి, అది వాళ్ళే చెబుతారు. మేత పుస్తకం చూపించమనండి. లేదంటే కొని పెట్టండి. మేత అరువు ఎవరి దగ్గర, సరుకు పట్టేది కూడా ఆయనేనా అని అడగండి. మేత అమ్మే ఆయనే సరుకు కొనే ఆయన కూడా అయితే, మేత తగ్గించమని ఆయన ఎందుకు చెబుతాడు? కరెంటు పోతే ఇంజను ఎన్ని నిమిషాల్లో అందుకుంటుందో, వీలైతే ఒక రాత్రి వెళ్ళి మీ కళ్ళతో చూడండి. మనకు ఎట్లాగూ మూడింటికే మెలకువ వస్తుంది.

ఆ రెండు సంవత్సరాల నోటుబుక్కులూ నాతో తెచ్చాను, అదిగో ఆ బల్ల మీద పెట్టాను. 2012 మే నెల పేజీలు తడిసి కొంచెం అలుక్కుపోయాయి గానీ అంకెలు కనిపిస్తాయి. చూడదలచినవారు భోజనాల తరువాత చూడవచ్చు. గాజు తొట్టి ఉన్న ఇళ్ళ వారు కూడా అడగవచ్చు. మనవడి తొట్టిలో మిగిలిన రెండు చేపలూ బాగున్నాయి, వాళ్ళమ్మ ఇప్పుడు మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేస్తోంది.